పొదుగు వాపు

కోడి గురించి తనకు తెలియదని ఒప్పుకున్న మనిషిని మా కృష్ణా జిల్లాలో నేనింతవరకు చూడలేదు. ఏ రంగు పుంజు ఏ రోజు గెలుస్తుందో చెప్పేవాళ్ళున్నారు. ఎంత ముదురు కోడిని ఎన్ని విజిల్స్ ఉడికించాలో చెప్పేవాళ్ళున్నారు. ఆ బరికీ ఈ కుక్కరుకీ మధ్య కోడి అనేది కొన్నేళ్ళు బతికి ఉంటుందనీ, దానికీ ఒంట్లో బాగుండకపోవచ్చుననీ తట్టినవాళ్ళు మాత్రం లేరు. మా ఇంట్లో ముసలి పెట్ట జబ్బుపడిన పది రోజుల్లో నాకు ఉచితంగా దొరికిన సలహాలన్నీ ఈ రెండు రకాల పండితులవే.

నేను బడికి వెళ్ళింది తొమ్మిదో తరగతి దాకానే. బందరులో రోల్డ్ గోల్డ్ నగలకు రాళ్ళు అతికే పని నాది. మిగతా చదువంతా మా పేట గ్రంథాలయంలో చదువుకున్నాను. రోజూ పని ముగించుకుని వెళ్ళి, తలుపులు వేసేదాకా కూర్చుంటాను. అక్కడ నేను తెరవని బీరువా లేదు. ఘంటసాల స్తూపం గురించి చదివాను, నక్షత్రాల గురించి చదివాను, మనిషి పేగు ఎంత పొడవుంటుందో చదివాను. డిగ్రీలున్నవాళ్ళు పేపర్లో సినిమా పేజీ చూసి లేచిపోతే వాళ్ళ కుర్చీలోనే కూర్చుని ఇవన్నీ చదివాను. గొప్పలు చెప్పుకుంటున్నానని మీకనిపిస్తే, అవును, చెప్పుకుంటున్నాను.

ఆ పెట్ట మా ఇంటికి వచ్చింది మా బావగారి వల్ల. బావగారంటే మా అక్క భర్త. గుడివాడ దగ్గర పల్లెలో ఉంటారు, పుంజుల్ని పెంచుతారు. ఆయన పుంజులు తినే బాదంపప్పు ఆయన పిల్లలు తినలేదు. అది జబ్బుపడడానికి ఎనిమిదేళ్ళ ముందు ఒక రోజు మోటార్ సైకిల్ హ్యాండిలుకి కాళ్ళు కట్టి, తలకిందులుగా వేలాడదీసి, ఒక చిన్న పెట్టను తీసుకొచ్చారు.

"దీంట్లో జాతి లేదు బావా. దీని గుడ్డుకి పుట్టిన పుంజు బరిలో నిలబడదు. కోసుకుని తినండి" అని గుమ్మంలో పడేసి, కాఫీ తాగి వెళ్ళిపోయారు.

మా ఆవిడ దాని కాళ్ళ కట్లు విప్పి, గిన్నెలో నీళ్ళు పెట్టింది. అది తాగింది. నీళ్ళు తాగినదాన్ని ఎలా కోస్తామండీ అంది. అంతే, ఆ ప్రశ్నకు జవాబు దొరక్క ఎనిమిదేళ్ళు గడిచాయి. అది ఆరేళ్ళు గుడ్లు పెట్టింది, తర్వాత మానేసింది. మా ఆవిడ దాన్ని 'అమ్మాయ్' అని పిలిచేది. పిలిస్తే వచ్చేది. బట్టలారేస్తుంటే ఆమె చీర అంచు వెనకాలే నడిచేది. నేను పిలిస్తే మాత్రం తల పక్కకు తిప్పి ఒంటి కన్నుతో చూసి ఊరుకునేది. కోళ్ళు మనుషుల మొహాలు గుర్తుపడతాయని నేను చదివాను. గుర్తుపట్టే ఊరుకునేదన్నమాట.

పోయిన ఏడాది వేసవిలో అది మెట్ల కింద, పాత గోనెసంచి మీద కూర్చుంది. కింద గుడ్డు లేదు. ఒళ్ళంతా ఉబ్బించుకుని, దగ్గరకెళ్తే గుర్రుమంటూ, పొద్దస్తమానం అక్కడే. రోజుకు ఒక్కసారి లేచి రెండు గింజలు తిని మళ్ళీ వెళ్ళి కూర్చునేది.

"పొదుగుకొచ్చిందండీ" అంది మా ఆవిడ.

పొదుగుకి రావడమంటే ఏమిటో, మెదడు కింద ఏ గ్రంథి నుంచి ఏం ఊరితే కోడి అలా కూర్చుంటుందో నేనామెకు చెప్పడం మొదలుపెట్టాను. మధ్యలో ఆమె అన్నం వార్చడానికి లేచి వెళ్ళింది. నేను వంటింటి గుమ్మంలో నిలబడి మిగతాది చెప్పాను.

పక్కింటి పిన్నిగారు ప్రహరీ మీద నుంచి తొంగిచూసి నవ్వింది. ఆవిడ పుట్టిల్లు దివిసీమలో సముద్రం ఒడ్డున. ఎండు చేపల వ్యాపారం చేసి ముగ్గురు పిల్లల్ని పెంచిన మనిషి. "ముసల్దానికి మళ్ళీ కాన్పు మీదికి మనసు పోయింది చూడు. గుడ్డు లేని పొదుగు, పీటల మీద పెళ్ళికొడుకు లేని పెళ్ళి" అంది. ఆ మాటకు మా ఆవిడ నవ్వలేదు. కోడి తిండి లేక తేలికైపోతోందని ఆమె బెంగ.

పది రోజులకు పెట్ట మెట్ల కింద నుంచి లేచింది. లేచిందని సంతోషించేలోపే దానికి జబ్బు చేసింది. ముందు ఒక కన్ను పక్కన ఉబ్బింది. తర్వాత ముక్కు మీద పసుపుపచ్చని పక్కు కట్టింది. నోరు తెరిచి గాలి పీల్చుకుంటోంది. నూకలు పోస్తే వాటి ముందు నిలబడుతుంది, ముక్కు వంచుతుంది, ముట్టుకోకుండా తల ఎత్తేస్తుంది. తిందామని ఉంది, తినలేకపోతోంది. ఇది చూడ్డానికి పుస్తకం అక్కర్లేదు, కళ్ళుంటే చాలు. కానీ చూసినవాళ్ళందరూ చెప్పింది ఒకటే మాట: వయసయిపోయింది.

పశువుల ఆస్పత్రికి తీసుకెళ్ళాను. డాక్టరుగారు గేదెలకు టీకాలు వేయడానికి గూడూరు వైపు పల్లెలకు వెళ్ళారట. అక్కడున్న మనిషి సంచిలోకి తొంగి చూశాడు.

"ఎన్నేళ్ళండీ దీనికి?"

"ఎనిమిది."

"ఎనిమిదేళ్ళ కోడిని ఆస్పత్రికి తెచ్చినోళ్ళని నా సర్వీసులో మిమ్మల్నే చూస్తన్నానండీ" అన్నాడు. ఆ సర్వీసు మొత్తంలో నేను చెప్పుకోదగ్గ కేసునయినందుకు అతనికే సంతోషంగా ఉన్నట్టుంది. రేపు రమ్మన్నాడు. మర్నాడూ డాక్టరుగారు క్యాంపులోనే ఉన్నారు.

ఇక నా ఆస్పత్రికి నేను వెళ్ళాను. గ్రంథాలయంలో పశుపోషణ మీద లావుపాటి పుస్తకం ఒకటుంది. విషయసూచికలో 'కోళ్ళ జబ్బులు' అని కనిపించింది. ఆ పేజీకి వెళ్తే పేజీ లేదు. బ్లేడుతో, స్కేలు పెట్టినంత తిన్నగా, పద్దెనిమిది పేజీలు కోసేశారు. పందేల మహానుభావుడెవరో తన పుంజు కోసం పట్టుకెళ్ళి ఉంటాడు. మొత్తం పుస్తకం ఇంటికి తీసుకెళ్ళి చదివి తిరిగి ఇచ్చే పద్ధతి ఒకటుందని అతనికి తెలియదు. తెలిసినా, చదవాలంటే కష్టం కదా, కోయడం తేలిక. అలాంటివాళ్ళకు ఏది చేతికిచ్చినా కోయడమే తెలుసు.

సూచికలో ఇంకాస్త కిందికి వస్తే 'పొదుగు వాపు' అని ఉంది. ఒక్క క్షణం ఆశ కలిగింది. మా పెట్ట పొదుగుకి వచ్చింది, ఆ తర్వాత వాపు వచ్చింది. పేజీ తీసి చూస్తే గేదె బొమ్మ, నాలుగు చన్నులు, పాలలో విరుగుడు. నన్ను చూసి నేనే నవ్వుకున్నాను. తెలుగులో ఆవు పొదుగూ కోడి పొదుగూ ఒకటే మాట. మాట ఒకటైతే వస్తువు ఒకటవుతుందనుకునేవాళ్ళు వేరే ఉంటారులే అనుకున్నాను. వాళ్ళు నాకు అంత దగ్గరి చుట్టాలని అప్పటికి తట్టలేదు.

వేరే చిన్న పుస్తకంలో మాత్రం పనికొచ్చేది దొరికింది. కోళ్ళకు చీమిడి జబ్బని ఒకటుంది. మొహం వాస్తుంది, ముక్కు కారుతుంది, నోటితో గాలి పీలుస్తుంది. అన్నీ కలిశాయి. ఇది అంటుజబ్బు, జబ్బు కోడిని వేరుచేయాలి, ముట్టుకున్నవాళ్ళు చేతులు కడుక్కోవాలి అని రాసి ఉంది. నోట్‌బుక్‌లో ఎక్కించుకుని, గెలిచినవాడిలా ఇంటికి వచ్చాను.

పెట్టను మేడ మీది గదిలో అట్టపెట్టెలో పెట్టాను. రోజుకు మూడుసార్లు రాగి జావ కాచి, చల్లార్చి, ఇంకు ఫిల్లరుతో ముక్కు పక్క నుంచి చుక్క చుక్కగా పోసేవాణ్ణి. కోడి నాలుక వెనకాలే గాలిగొట్టం నోరు తెరుచుకుని ఉంటుంది, తిన్నగా పోస్తే జావ ఊపిరితిత్తుల్లోకి వెళ్ళి చస్తుంది. ఈ సంగతి తెలియక పోసి చంపి, ఆయువు తీరిందనేవాళ్ళు ఊరికి వందమంది. మజ్జిగ తేట పట్టాను. గది నేల పసుపు నీళ్ళతో కడిగాను. మా ఆవిడను పైకి రావద్దన్నాను.

"నేను చూస్తానండీ ఒకసారి" అంది మొదటిరోజు.

"అంటుజబ్బు. నీ చేతుల మీద ఎక్కించుకొచ్చి పక్కింటి కోళ్ళకు అంటిస్తే పిన్నిగారితో తగువు నువ్వు పెట్టుకుంటావా?"

ఆ రోజు నుంచి ఆమె మెట్ల మీద నాలుగో మెట్టు దాకా వచ్చి ఆగిపోయేది. పైనుంచి పెట్ట గురక వినపడేది. నోటితో పీల్చే గాలి ఈల వేసినట్టుండేది. ఆమె అక్కడ నిలబడి ఏదో చెప్పబోయినట్టు పెదవి కదిపి, నేను నోట్‌బుక్‌తో కనిపించగానే కిందికి దిగిపోయేది. బాధపడుతోందిలే అనుకున్నాను. ఇంతకంటే తెలివితక్కువ ఆలోచన ఆ పది రోజుల్లో ఎవరూ చేయలేదు. ఆ పండితులందరి జాబితాలో నా పేరూ ఉండాల్సిందే.

నాలుగు రోజులయ్యేసరికి పెట్ట చేతిలో పట్టుకుంటే ఎండిన కొబ్బరిడొక్కంత బరువుంది. ఆ గురువారం బావగారు దిగారు. మా అక్క ఫోన్లో విని చెప్పిందట.

"నువ్వు కోడికి సెలైన్ కూడా ఎక్కిస్తన్నావంటగా బావా" అంటూ మేడ మెట్లెక్కారు. చొక్కా జేబులోంచి ఒక పెట్టె తీసి నా చేతిలో పెట్టారు. "గుడివాడంతా తిరిగి తెచ్చా. షాపాయనకి ముప్పై ఏళ్ళ అనుభవం. డాక్టర్లే ఆయన్నడుగుతారు."

పెట్టె మీద గేదె బొమ్మ ఉంది. లోపల సన్నని పొడవాటి మూతి ఉన్న ట్యూబు. వెనక తెలుగులో రాసి ఉంది: పొదుగులోకి ఎక్కించవలెను, మందు వాడిన రోజుల్లో పాలు తాగరాదు.

"బావగారూ, మీరు ఆయనకేం చెప్పారు?"

"ఉన్నదే చెప్పా. పొదుగు పెట్టకి వాపు అన్నా. పొదుగు వాపా అన్నాడు. ఊఁ అన్నా."

"తర్వాత?"

"రోజుకెంతిచ్చేది అన్నాడు. ఒకటి అన్నా. ఒకటేనా అన్నాడు. మరి రెండిస్తదా ఎక్కడైనా అన్నా. ఇవ్వడం మానేసి ఎన్నాళ్ళయింది అన్నాడు. రెండేళ్ళు అన్నా. అయ్యో పాపం, ఇంకా ఉంచుకున్నారా అన్నాడు. నా బావమరిది వేరే రకంలే, పుస్తకాలు చదువుతాడు అన్నా."

"ఇది గేదెల మందండీ. చన్నులోకి ఎక్కించేది."

బావగారు పెట్టె వెనక్కి తీసుకుని, కళ్ళకు దగ్గరగా పెట్టుకుని చూశారు. గేదె బొమ్మ ఆయనకూ కనిపించింది. అయినా ఆయన తగ్గే మనిషి కాదు.

"మందు మందే బావా. వాపుకి వాపు మందు. గేదె వాపేంటి, కోడి వాపేంటి? వాపు చదువుకుంటదా ఇది ఎవరి ఒళ్ళని?"

"దీనికి పొదుగెక్కడుందండీ ఎక్కించడానికి?"

"ఎక్కించొద్దులే. పూద్దాం."

నేను వద్దంటుండగానే పెట్టను చంకలో ఇరికించుకుని, ట్యూబు పిండి, ఉబ్బిన కన్ను చుట్టూ ముక్కు మీదా వెన్న పూసినట్టు పూసేశారు. సగం ట్యూబు అయింది. పెట్ట తల విదిలిస్తే ఆయన మీసానికీ కాస్త అంటింది. పుంజులకు ఆయన మందు పూసే పద్ధతే అది. ఎంత ఎక్కువ పూస్తే అంత మంచిదని. జ్ఞానం తక్కువైనచోట మందు ఎక్కువవుతుంది.

దిగుతూ దిగుతూ మెట్ల దగ్గర మా ఆవిడతో అన్నారు: "చూడు చెల్లెమ్మా, ఆదివారం మీ వదినని తీసుకుని వస్తా. అప్పటికీ అది తనంతట తను గింజ ముట్టకపోతే నేనే కోసేస్తా. మీరు చూడక్కర్లేదు. ఇట్లా గురకలు పెట్టుకుంటా చావడం కంటే అదే పుణ్యం. ఆ మందు పడింది కాబట్టి కూరకి కూడా పనికిరాదు, నేనే తీసుకెళ్ళి పూడ్చిపెడతా."

మా ఆవిడ నా వంక చూడలేదు. "అలాగే అన్నయ్యగారూ. బాధపడనివ్వకూడదు కదా" అంది. ఆమె గొంతు నాకు కొత్తగా వినిపించింది.

ఆదివారానికి రెండు రోజులు. శుక్రవారం నేను పనికి వెళ్ళలేదు. ఫోన్లో ఒకాయన కోళ్ళ వైద్యం వీడియోలు పెడతాడు. లక్షలమంది చూస్తారట. మిరియాలు, ఉల్లిపాయ, వెల్లుల్లి నూరి మింగించమన్నాడు. చివర్లో ఛానల్‌కి సబ్‌స్క్రైబ్ చేయమన్నాడు. ఉల్లిపాయ కోళ్ళ రక్తానికి మంచిది కాదని నేను చదివాను. ఆ లక్షల మందిలో ఎంతమంది ఇళ్ళల్లో కోళ్ళు మిగిలాయో అతనెందుకు చెబుతాడు. ఫోను పక్కన పడేసి జావ కాచుకున్నాను. సాయంత్రం నూకలు ముందు పెట్టాను. పెట్ట ముక్కు వంచింది. నోరు మూస్తే ఊపిరాడదు, నోరు మూయకపోతే గింజ పట్టలేదు. మూడుసార్లు ప్రయత్నించి, అట్టపెట్టె గోడకు తల ఆనించి కళ్ళు మూసుకుంది.

శనివారం పొద్దున్నే పైకి వెళ్ళాను. అప్పుడే ఎండ కిటికీలోంచి పడుతోంది. బావగారు పూసిన జిడ్డు ముక్కు మీది పక్కును నానబెట్టింది. రాయిలా ఉన్నది మెత్తబడి, ఒక అంచు లేచింది. దాని కింద నల్లగా, గుండుసూది తలకాయంత ఏదో కనిపించింది. ముందు పురుగనుకున్నాను. గోటితో తాకితే గట్టిగా ఉంది. పెట్ట గిలగిల్లాడింది.

నేను రోజంతా కంటికి భూతద్దం పెట్టుకుని ఆవగింజంత రాళ్ళను ఎత్తి అతికే మనిషిని. నా పనిముట్ల డబ్బా తీసుకొచ్చి, భూతద్దం పెట్టుకుని చూశాను. అది ఈక కాడ. విరిగిన మొన. ముక్కు రంధ్రంలో అడ్డంగా దిగబడి ఉంది.

ఇది నాకు తెలియని సంగతేం కాదు. పొదుగుకొచ్చిన పెట్టను పొదుగు మాన్పించాలంటే, దాని రెక్కలోంచే ఒక ఈక పీకి, ముక్కు రంధ్రాల్లోంచి అటునుంచి ఇటు గుచ్చి వదిలేస్తారు. ఆ చిరాకుకి అది కూర్చోవడం మానేసి తిరుగుతుంది. మా అమ్మమ్మ గుచ్చేది. చుట్టుపక్కల పల్లెల్లో ఇప్పటికీ గుచ్చుతారు. ఏ పుస్తకంలోనూ నేను చదవలేదు కాబట్టి, చదివిన జబ్బుల్లో వెతుక్కుంటూ కూర్చున్నాను కాబట్టి, ఆరు రోజులుగా కళ్ళెదురుగా ఉన్న ముక్కులోకి ఒక్కసారి కూడా చూడలేదు.

కిందికి కేకేశాను. మా ఆవిడ ఈసారి నాలుగో మెట్టు దగ్గర ఆగలేదు. పాత తువ్వాలు తెచ్చి పెట్టను చుట్టి ఒళ్ళో పెట్టుకుంది. తల ఎలా పట్టుకోవాలో నేను చెప్పక్కర్లేకపోయింది. ఆమె చేతిలో అది కదల్లేదు. వేడి నీళ్ళలో ఉప్పు వేసి, దూది ముంచి, పక్కును కొంచెం కొంచెంగా తీశాను. సన్నమూతి పట్టకారుతో ఈక మొనను పట్టుకున్నాను. లాగితే రాలేదు. అటుపక్క కండ పట్టేసింది. ఇంకాస్త నీళ్ళు. మళ్ళీ పట్టుకుని, అటూ ఇటూ కాస్త తిప్పి, ఉంగరంలో ఇరుక్కున్న రాయిని లేపినట్టు లేపాను. చీమూ నెత్తురూ ముందు వచ్చాయి, వాటి వెనక ఈక కాడ వచ్చింది. చిటికెన వేలి గోరంత పొడవుంది. పెట్ట తుమ్మింది. ఒకటి కాదు, వరసగా నాలుగు తుమ్ములు, నా మొహం మీద. ఆ తర్వాత నోరు మూసుకుంది. గది ఒక్కసారిగా నిశ్శబ్దమైపోయింది. ఆ ఈల ఆగిపోయాక గానీ దాన్ని ఎన్నాళ్ళుగా వింటున్నామో తెలియలేదు.

నేను ఈకను అరచేతిలో పెట్టుకుని చూస్తున్నాను. ఎవరు గుచ్చారు అని అడగబోయి తల ఎత్తితే మా ఆవిడ కళ్ళనిండా నీళ్ళు.

"నేనే" అంది. "తినకుండా కూర్చుని చచ్చిపోయేలా ఉందని పిన్నిని అడిగా. ఈక గుచ్చమంది. మీరు పనికెళ్ళినప్పుడు గుచ్చా. లేచి తిరిగింది. రెండో రోజుకి ఈక కనపడలేదు. రాలిపోయిందనుకున్నా."

"మరి ఇన్ని రోజులూ నాతో చెప్పలేదేం?"

"అది చీమిడి రోగమని మీరన్నారు. అంటుకుంటుందన్నారు. పుస్తకంలో ఉందన్నారు. నా ఈక వల్ల కాదేమోలే, రోగమేలే అనుకున్నా. మళ్ళీ నా వల్లే అనిపించేది. చెబుదామని మెట్ల దాకా వచ్చేదాన్ని." పెట్ట తలను బొటనవేలితో నిమిరింది. "మీరు పుస్తకాన్నడిగారు, ఆస్పత్రిలో అడిగారు, ఫోన్నడిగారు. నన్నొక్కదాన్నీ అడగలేదు."

ఈకను దూదిలో చుట్టి పారేశాను. చేతులు కడుక్కుని వచ్చి, "చచ్చిపోతే నీ చేతులతో నువ్వే చంపినట్టు అనుకునేదానివా?" అని అడిగాను. అవునన్నట్టు తలూపింది. తర్వాత, "చచ్చిపోతేనే కాదు. ఇప్పుడూ అనుకుంటున్నా" అంది.

ఆ రోజు పెట్ట నీళ్ళు తాగింది. ఒక గుక్క తాగి తల పైకెత్తి మింగి, మళ్ళీ వంగి, అలా చాలాసేపు తాగింది. గింజ మాత్రం ముట్టలేదు. ఇన్ని రోజులు తినకపోతే ఆకలి కూడా పోతుంది. మధ్యాహ్నం జావ పట్టాం. సాయంత్రం పిన్నిగారు ఎండు రొయ్యపొట్టు గుప్పెడు పంపింది. ఈక సంగతి పిన్నిగారికి చెప్పొద్దని మా ఆవిడ అంది. చెప్పలేదు. చెప్పినా ఆవిడ పశ్చాత్తాపపడే మనిషి కాదు, ఈక సరిగా గుచ్చడం రాలేదని మా ఆవిడనే అనేది.

ఆదివారం పదకొండింటికి బావగారూ అక్కా వచ్చారు. బావగారు కత్తి కూడా తెచ్చుకున్నారు, పేపర్లో చుట్టి. మా ఇంట్లో కత్తులు తెగవని ఆయన నమ్మకం. మా ఆవిడ కొర్రమీను పులుసు పెట్టింది. ఆయన దాని వాసన చూసి కూడా కూర్చోకుండా, "ముందు పని కానివ్వండి" అని పెరట్లోకి నడిచారు.

పెట్టను అప్పటికే కిందికి తెచ్చాం. మెట్ల దగ్గర ఎండలో నిలబడి ఉంది. కన్ను వాపు సగం తగ్గింది. మా ఆవిడ పరుగులాంటి నడకతో వెళ్ళి దాని ముందు కూర్చుంది. నూకల్లో రొయ్యపొట్టు కలిపి అరచేతిలో పెట్టి, "అమ్మాయ్" అంది. పెట్ట తల పక్కకు తిప్పి ఆ అరచేతిని చూసింది, బావగారిని చూసింది, ఆయన చేతిలోని పేపరు పొట్లాన్ని చూసింది. మేం నలుగురం దాని వంక చూస్తున్నాం. ఇంతమంది పెద్దవాళ్ళు ఒక కోడి ముక్కు వంక అలా చూడడం ఎవరైనా బయటివాళ్ళు చూసి ఉంటే మా గురించి ఏమనుకునేవాళ్ళో. అది వంగి, ఒక రొయ్యపొట్టు తీసుకుంది. నోరు మూసింది. మింగింది. తర్వాత నూకలు, ఒకటి, రెండు, తర్వాత లెక్కపెట్టలేనంత వేగంగా.

బావగారు పొట్లాన్ని మెట్టు మీద పెట్టారు. "చెప్పానా?" అన్నారు.

పెట్ట ఇంకా తింటూనే ఉంది.

"వాపుకి వాపు మందు. గేదె మందన్నాడు నీ తమ్ముడు" అని మా అక్కకు చెప్పారు. "పాలు తాగకూడదని రాసుందంట. కోడి పాలు ఎవడు తాగుతాడు?"

భోజనాల దగ్గరా అదే. షాపాయన చెయ్యి మంచిదన్నారు. తాను పూసిన తీరు మంచిదన్నారు. మొవ్వలో ఆయన వియ్యంకుడి పెట్టకు కూడా ఇదే ట్యూబు తీసుకెళ్తానన్నారు. నా నాలుక చివరిదాకా వచ్చింది. మీ మందు చేసింది పక్కును నానబెట్టడం ఒక్కటే, కొబ్బరినూనె రాసినా ఆ పని జరిగేది, ముక్కులో దిగింది ఈక, తీసింది నా పట్టకారు అని చెప్పాలి. చెబితే తర్వాతి ప్రశ్న ఈక ఎవరు గుచ్చారన్నదే. బావగారి నోట్లో పడిన మాట గుడివాడ చేరడానికి బస్సు అక్కర్లేదు. ఎనిమిదేళ్ళు పెంచి తన చేత్తోనే ముక్కులో ఈక విరిచిందట అని చుట్టాలందరూ ఏడాదిపాటు నవ్వుకుంటారు.

"చూశావా బావా, ఇట్టాంటివి నీ పుస్తకాల్లో ఉండవు" అన్నారు బావగారు, పులుసు కలుపుకుంటూ.

"ఉండవండీ" అన్నాను.

నా జీవితంలో నేను మింగిన వాటిలో గొంతు దిగడానికి అన్నిటికంటే కష్టపడింది ఆ ఈక మాటే. మా ఆవిడ వచ్చి, అడక్కుండానే, నా విస్తట్లో కొర్రమీను తల ముక్క వేసింది. ఆ ముక్క ఎప్పుడూ అల్లుడి హోదాలో బావగారిదే. ఆయన చూశారు కూడా. ఎందుకో అర్థం కాలేదు. ఆయనకు అర్థంకాని వాటి జాబితా పెద్దది, అందులో ఇదొకటి చేరింది.

ఆ ట్యూబు ఇప్పుడు గుడివాడ చుట్టుపక్కల కోళ్ళ మందుగా చలామణీ అవుతోందని విన్నాను. షాపాయన కూడా అలాగే అమ్ముతున్నాడట. గేదె బొమ్మ గురించి అడిగినవాడు ఒక్కడూ లేడట.

ఈ వేసవిలో పెట్ట మళ్ళీ మెట్ల కింద గోనెసంచి ఎక్కింది. తొమ్మిదేళ్ళు నిండాయి, కింద గుడ్డు లేదు, అదే ఉబ్బు, అదే గుర్రు. మా ఆవిడ రోజుకు రెండుసార్లు దాన్ని లేపి, అరచేతిలో తినిపించి, మళ్ళీ కూర్చోనిస్తోంది. మొన్న పిన్నిగారు ప్రహరీ మీంచి చూసి, "మళ్ళీనా? ఒక ఈక పీకి గుచ్చు, రెండ్రోజుల్లో లేస్తది" అంది.

నేను వరండాలో కూర్చుని పుస్తకం చదువుతున్నాను. తల ఎత్తలేదు.

"గుచ్చకూడదంట పిన్నీ" అంది మా ఆవిడ. "మా ఆయన పుస్తకంలో ఉందంట."

అలా అని ఏ పుస్తకంలోనూ లేదు. నేను పేజీ తిప్పాను.